వీలునామాలో లేని కూతురు: పాత అమెరికా కుటుంబాల జాడ చెప్పే భూమి కాగితాలు

1793 జనవరి 8న కెంటకీలోని నెల్సన్ కౌంటీలో జోసెఫ్ హ్యాంక్స్ అనే రైతు వీలునామా రాయించాడు. ఐదుగురు కొడుకులకు తలా ఒక గుర్రం, ముగ్గురు కూతుళ్లకు తలా ఒక ఏడాది పెయ్య ఇచ్చాడు. పశువుల పేర్లు కూడా వదల్లేదు. ఎలిజబెత్‌కు జెంటిల్ అనే పెయ్య, పాలీకి లేడీ అనే పెయ్య, నాన్సీకి పైడీ అనే పెయ్య. భార్య నానీ బతికినన్నాళ్లూ ఆస్తి ఆమె చేతిలోనే ఉండాలని, ఆ తర్వాత పిల్లలందరూ సమానంగా పంచుకోవాలని చెప్పాడు.

అబ్రహం లింకన్ తల్లి పేరు నాన్సీ హ్యాంక్స్. 1899లో వచ్చిన ఒక పుస్తకం ఈ వీలునామాను పట్టుకుని, పైడీని అందుకున్న నాన్సీయే లింకన్ తల్లి అని చెప్పింది. పేరు కలిసింది, ప్రాంతం కలిసింది, కాలం కూడా కలిసింది. చాలామంది నమ్మారు. కానీ ఆ వీలునామాలో పేరే లేని లూసీ అనే మరో కూతురు లింకన్‌కు అమ్మమ్మ. పెయ్య అందుకున్న నాన్సీ, లింకన్ తల్లికి పిన్ని అవుతుంది.

అమెరికా తొలినాళ్ల కుటుంబాల చరిత్ర వెతికేవాళ్లకు ఈ ఒక్క కాగితం పెద్ద పాఠం. వీలునామాలో ఉన్న పేర్లు చూసి కుటుంబం మొత్తం ఇదే అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఆస్తి ఎవరికి ఎలా వెళ్లాలన్నది తేల్చడానికి పుట్టిన కాగితాలవి. ఇప్పటికే వాటా ముట్టినవాళ్లను, చట్టమే వాటా ఇచ్చేవాళ్లను, ఇంటితో తెగిపోయినవాళ్లను అందులో రాయాల్సిన పని లేదు. అందుకే కాగితంలో ఏముందో చదవడం సగం పనే. ఏది లేదో, ఎందుకు లేదో ఆనాటి చట్టాన్ని పక్కన పెట్టుకుని చదవడం మిగతా సగం.

ఇంకో దారి ఎందుకు లేదంటే

అమెరికాలో మొదటి జనాభా లెక్కలు 1790లో జరిగాయి. కానీ 1840 దాకా ఆ లెక్కల్లో ఇంటి పెద్ద పేరు ఒక్కటే రాసేవారు. భార్య, పిల్లలు అందరూ వయసుల వారీగా అంకెల్లో కలిసిపోయేవారు. స్వేచ్ఛగా ఉన్న ప్రతి మనిషి పేరూ రాయడం 1850లో మొదలైంది. జననాలు, మరణాలు రాష్ట్రమంతటా నమోదు చేయడం వర్జీనియాలో 1853లో గానీ మొదలవలేదు, చాలా రాష్ట్రాల్లో ఇంకా ఆలస్యం. ఈశాన్య అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ పట్టణాలు మొదటి నుంచీ జనన మరణాలు బాగానే రాసుకున్నాయి. దక్షిణాదిలో చర్చి రిజిస్టర్లు చాలావరకు పోయాయి.

అంటే 1850కి ముందు ఒక మనిషికి తండ్రి ఎవరో చెప్పే కాగితం సూటిగా దొరకడం అరుదు. భూమి మాత్రం అలా కాదు. చేతులు మారిన ప్రతిసారీ దస్తావేజు పుట్టింది. హక్కు నిలబడాలంటే దాన్ని కౌంటీ కోర్టులో నకలు రాయించాలి. అందుకే మనుషుల పుట్టుక గురించి పట్టించుకోని సమాజం కూడా భూమి గురించి పేజీలకు పేజీలు రాసి పెట్టుకుంది.

ఆ నకళ్ల పుస్తకాలైన డీడ్ బుక్కుల్లో ఉన్నది క్లర్కు చేత్తో రాసిన నకలని గుర్తుంచుకోవాలి. చివర కనిపించే సంతకం పూర్వీకుడి చేతిరాత కాదు. నిశానీ పెట్టాడని ఉంటే మాత్రం అది పనికొచ్చే సమాచారమే. ఒకే పేరున్న ఇద్దరిలో ఒకడు ఎప్పుడూ సంతకం చేసేవాడు, ఇంకొకడు ఎప్పుడూ నిశానీ పెట్టేవాడు అయితే వాళ్లను విడదీయడానికి అదే ఆధారం అవుతుంది.

ఒక్క భూమి, ఐదు తరాలు

లింక్ డాక్యుమెంట్లు వెనక్కి పట్టుకుంటూ వెళ్లడం తెలుగువాళ్లకు చెప్పక్కర్లేని పని. స్థలం కొనేముందు అందరూ చేసేదే. అదే పద్ధతిలో చదివితే భూమి చరిత్ర కాస్తా కుటుంబ చరిత్ర ఎలా అవుతుందో చూడటానికి జార్జ్ వాషింగ్టన్ ఇల్లు మౌంట్ వెర్నాన్‌ను మించిన ఉదాహరణ ఉండదు. ఆ కుటుంబం గురించి అంతా తెలుసు కాబట్టి, కాగితాలు ఏం చెబుతున్నాయో, ఏం చెప్పడం లేదో సరిచూసుకోవచ్చు.

1674లో పోటోమాక్ నది పక్కన లిటిల్ హంటింగ్ క్రీక్ దగ్గర 5,000 ఎకరాలు జాన్ వాషింగ్టన్, నికొలస్ స్పెన్సర్ అనే ఇద్దరికి కలిపి మంజూరయ్యాయి. జాన్, జార్జ్‌కు ముత్తాత. తర్వాత భూమిని రెండు భాగాలు చేసుకున్నారు. వాషింగ్టన్ల భాగం జాన్ కొడుకు లారెన్స్‌కు వచ్చింది. లారెన్స్ 1698లో చనిపోతూ, వీలునామాలో ఆ 2,500 ఎకరాలు కూతురు మిల్డ్రెడ్‌కు రాశాడు. 1726లో రోజర్ గ్రెగరీ అనే ఆయన, భార్య మిల్డ్రెడ్ కలిసి ఆ భూమిని 180 పౌండ్లకు ఆగస్టిన్ వాషింగ్టన్‌కు అమ్మారు. ఈ ఆగస్టిన్, జార్జ్ తండ్రి.

ఇక్కడ కాస్త ఆగి చూడాలి. 1726 నాటి అమ్మకాన్ని విడిగా చూస్తే గ్రెగరీ అనే ఇంటిపేరున్న జంట, వాషింగ్టన్ అనే ఇంటిపేరున్న మనిషికి పొలం అమ్మింది, అంతే. చుట్టరికం ఉందని ఇంటిపేర్లను బట్టి ఎవరికీ తట్టదు. 1698 నాటి వీలునామాను పక్కన పెట్టుకుంటే తెలుస్తుంది, అమ్మింది అక్కచెల్లెలని, కొన్నది అన్నదమ్ముడని, తండ్రి ఆడపిల్లకిచ్చిన భూమి మళ్లీ పుట్టింటికే చేరిందని. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిపోయిన ఆడవాళ్లను కనిపెట్టడానికి పాత అమెరికాలో ఉన్న గట్టి పద్ధతి ఇదే. ఎవరో తెలియని జంట ఒక భూమి అమ్ముతుంటే, ఆ భూమి వాళ్లకు ఎలా వచ్చిందని అడగాలి. భర్త కొన్నట్టు ఎక్కడా దస్తావేజు లేకపోతే, భార్య తండ్రి వైపు చూడాలి.

ఆగస్టిన్ 1743లో చనిపోయాడు. ఆ భూమిని మొదటి భార్య కొడుకు లారెన్స్‌కు, రాపహానక్ నది ఒడ్డున ఉన్న పొలాన్ని రెండో భార్య కొడుకు జార్జ్‌కు రాశాడు. లారెన్స్ 1752లో పోయాడు. అతని వీలునామాలో ఏర్పాటు కొంచెం మెలికగా ఉంటుంది. భార్య ఆన్‌కు జీవితకాలపు హక్కు, కూతురు సారా సంతానం లేకుండా పోతే తమ్ముడు జార్జ్‌కు. ఆన్ మళ్లీ పెళ్లి చేసుకుంది. సారా 1754లో చనిపోయింది. జార్జ్ అదే ఏడాది చివర్లో వదినగారి దగ్గర ఆ ఎస్టేట్‌ను కౌలుకు తీసుకున్నాడు. కౌలు ఏడాదికి 15,000 పౌన్ల బరువు పొగాకు. 1761లో ఆన్ చనిపోయాకే మౌంట్ వెర్నాన్ ఆయన సొంతమైంది. ఒక కౌలు కాగితం, ఒక చిన్నపిల్ల మరణం, ఒక మారు పెళ్లి అన్నీ ఆ ఒక్క భూమి చుట్టూ దొరుకుతాయి.

జార్జ్‌కు పిల్లలు లేరు. కాబట్టి 1799 జులైలో ఆయన రాసిన వీలునామా వంశచరిత్ర వెతికేవాళ్లకు మరీ విలువైనది. మిగిలిన ఆస్తిని 23 భాగాలు చేసి తోబుట్టువుల పిల్లలకు, వాళ్ల వారసులకు, భార్య తరఫు మనవలకు పంచాడు. సంతానం లేని మేనమామల, మేనత్తల, పెదనాన్నల వీలునామాలను చాలామంది తమ సూటి పూర్వీకులు కాదని వదిలేస్తారు. నిజానికి ముందు చదవాల్సినవి అవే. పిల్లలున్నవాళ్లు పిల్లలతో ఆపేస్తారు, పిల్లలు లేనివాళ్లు చుట్టాలందరినీ లెక్కపెడతారు.

ఇంకో చిక్కు ఉంది. ఆ భూమి అక్కడే ఉంది, కౌంటీ మాత్రం మారుతూ పోయింది. మంజూరైన నాటికి అది స్టాఫర్డ్ కౌంటీ. 1731లో ప్రిన్స్ విలియం కౌంటీ పుట్టింది. 1742 నుంచి ఫెయిర్‌ఫాక్స్. జిల్లా విడిపోతే పాత రికార్డులు పాత కేంద్రంలోనే ఉండిపోయినట్టే అక్కడా ఉండిపోయాయి. ఇవాళ ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో ఇల్లు కొన్న తెలుగువాళ్ల దస్తావేజు నమోదయ్యేది 1742 నుంచి నడుస్తున్న ఆ కౌంటీ కోర్టు రికార్డుల్లోనే. అదే నేల 1720ల చరిత్ర కావాలంటే మాత్రం వేరే కౌంటీ పుస్తకాలు తీయాలి. ఎవరి జాడైనా ఒక ఏడాది దగ్గర ఉన్నట్టుండి ఆగిపోతే, మనిషి వలసపోయాడని అనుకోవడానికి ముందు కౌంటీ ఎప్పుడు విడిపోయిందో చూడటం మంచిది.

తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలై

తొలి పదమూడు కాలనీల్లోనూ, వాటి నుంచి విడివడిన కెంటకీ, టెనసీ లాంటి రాష్ట్రాల్లోనూ భూమి హద్దులు రాసే తీరు ఒకటుంది. ఫలానావాడి పొలం మూలన ఉన్న తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలై, ఉత్తరానికి ముప్పై డిగ్రీలు తూర్పుగా 120 పోల్స్ నడిచి, వాగు ఒడ్డున ఎర్ర ఓక్ చెట్టు దగ్గరకు, అక్కడి నుంచి వాగు వంపుల వెంట... ఇలా సాగుతుంది. మన దస్తావేజుల్లో చెక్కుబందీ చదివిన అలవాటున్నవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. ఒక పోల్ అంటే పదహారున్నర అడుగులు. నాలుగు పోల్స్ కలిస్తే ఒక గంటర్ గొలుసు, అంటే 66 అడుగులు, వంద లింకులు. 1620లో ఇంగ్లండ్‌లో పుట్టిన ఈ గొలుసు బ్రిటిష్ వాళ్లతో అటు వర్జీనియాకూ వెళ్లింది, ఇటు మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఇప్పటికీ వాడుకలో ఉన్న సెంటు, వెయ్యి చదరపు లింకులే.

చదివేవాళ్లు సాధారణంగా ఈ చెట్ల వర్ణనను దాటేసి పేర్ల కోసం కిందికి వెళ్లిపోతారు. అక్కడే నష్టపోతారు. హద్దుల్లో ఉన్న పేర్లు పక్క పొలాలవాళ్లవి. ఆ రోజుల్లో పెళ్లిళ్లు ఎక్కువగా గుర్రం మీద వెళ్లి వచ్చేంత దూరంలోనే జరిగేవి. వలస వెళ్లినా చుట్టుపక్కలవాళ్లు గుంపుగా వెళ్లేవారు. సర్వే కాగితాల్లో గొలుసు పట్టుకున్నవాళ్ల పేర్లు రాసేవారు, వాళ్లు చాలాసార్లు ఇంట్లోవాళ్లో, ఇరుగుపొరుగో అయ్యేవారు. దిక్కులు, దూరాలు తీసుకుని ఒక్కో పొలాన్నీ కాగితం మీద గీసి, పక్కపక్కన పేరిస్తే ఒక వాగు చుట్టూ ఎవరెవరు బతికారో పటం తయారవుతుంది. జాన్ స్మిత్‌లు నలుగురు ఉన్న కౌంటీలో ఎవరు ఎవరో తేల్చేది ఈ పటమే. పేరు మరొకడికి ఉండొచ్చు, ఆ ఓక్ చెట్టు మూల మాత్రం ఒక్కడిదే.

అమ్మకం ధర కూడా మాట్లాడుతుంది. ఎకరాలకు ఎకరాలు ఐదు షిల్లింగులకో, ఒక్క డాలరుకో అమ్మినట్టు ఉంటే, లేదా ప్రేమాభిమానాలతో ఇస్తున్నానని రాస్తే, అది చాలావరకు ఇంటిమనిషికి ఇచ్చిన దానం. కాకపోతే ఒక జాగ్రత్త. ఇంగ్లిష్ పద్ధతిలో మొదటిరోజు పేరుకు ఐదు షిల్లింగులకు ఏడాది లీజు, మర్నాడు అసలు ధరకు పూర్తి హక్కు వదిలేయడం అని ఒకే అమ్మకానికి రెండు కాగితాలు రాసేవారు. మొదటిదాన్ని మాత్రమే చూసి తండ్రీకొడుకులని తేల్చేసినవాళ్లు ఉన్నారు.

అన్నిటికన్నా విలువైన దస్తావేజు సాధారణంగా తండ్రి పోయిన పదేళ్లకో ఇరవై ఏళ్లకో దొరుకుతుంది. తల్లి కూడా పోయాక వారసులందరూ తమ వాటాలను ఒక్కరికి అమ్మేస్తారు. అందులో కొడుకులు, కూతుళ్లు, అల్లుళ్లు, ఎవరు ఏ కౌంటీలో ఉంటున్నారు అన్నీ ఉంటాయి. సూచికలో మాత్రం ఒక్కరి పేరు రాసి, పక్కన ‘మరికొందరు’ అనే అర్థంలో ఎట్ అల్ అని ఊరుకుంటారు. ఆ రెండు చిన్న మాటలు కనిపిస్తే పేజీ తీయకుండా ముందుకు వెళ్లకూడదు.

భార్యను పక్కకు పిలిచి అడిగేవారు

డవర్ అనే హక్కు గురించి తెలియకపోతే ఈ కాగితాలు సగం అర్థం కావు. మన కట్నానికీ దీనికీ సంబంధం లేదు. భర్త పోతే అతని భూమిలో మూడో వంతు మీద భార్యకు బతికినన్నాళ్లూ చట్టం ఇచ్చిన అనుభవ హక్కు ఇది. భర్త బతికుండగా భూమి అమ్మినా ఆ హక్కు పోదు, ఆమె స్వయంగా వదులుకుంటే తప్ప. కాబట్టి కొనేవాడు ఆమె ఒప్పుకోలు అడిగేవాడు. వర్జీనియా లాంటి చోట్ల ఆమెను భర్త నుంచి వేరుగా కూర్చోబెట్టి, బలవంతం లేకుండా ఒప్పుకుంటున్నావా అని అడిగి రాసుకునేవారు.

సొంత పేరు మీద ఏ కాగితమూ లేని లక్షలమంది ఆడవాళ్ల పేర్లు ఇవాళ్టికి మిగిలింది ఈ ఒక్క లాంఛనం వల్ల. లింకన్ తాత పేరు కూడా అబ్రహమే. ఆయన 1780లో వర్జీనియాలో లిన్‌విల్ క్రీక్ దగ్గర భూమి అమ్మేసి కెంటకీకి కదిలాడు. ఆ అమ్మకం కాగితాల వల్లే ఆయన భార్య పేరు బెర్షెబా అని తెలుస్తోంది. ఆమె పుట్టింటి పేరు మీద మాత్రం వాదన ఉంది, దస్తావేజుకు దానితో పనిలేదు కాబట్టి అందులో రాయలేదు.

ఒక మనిషి ఐదు అమ్మకాల్లో భార్యతో కలిసి సంతకం చేసి ఆరో అమ్మకంలో ఒంటరిగా చేస్తే ఆమె చనిపోయి ఉండొచ్చు. ఏడో అమ్మకంలో మరో పేరు కనిపిస్తే మారు పెళ్లి. ఆ రెండు తేదీల మధ్య పిల్లల తల్లులను విడదీసి చూడాలి. పెళ్లి రిజిస్టరు కాలిపోయిన కౌంటీల్లో ఇంతకన్నా దగ్గరగా వెళ్లే దారి ఉండదు.

చట్టం మాట్లాడితే కాగితం మౌనంగా ఉంటుంది

1786 మే నెలలో లింకన్ తాతను కెంటకీలోని పొలంలో ఆదివాసుల దాడిలో చంపేశారు. అప్పటికి ఆయనకు ఐదు వేల ఎకరాలకు పైనే భూమి ఉంది. వీలునామా లేదు. కెంటకీ అప్పుడు వర్జీనియాలో భాగం. వీలునామా లేకుండా పోతే భూమంతా పెద్దకొడుకుదే అన్న పాత ఇంగ్లిష్ చట్టం అక్కడ నడుస్తోంది. దాన్ని రద్దు చేస్తూ, పిల్లలందరికీ సమాన వాటా ఇస్తూ కొత్త చట్టం అప్పటికే చేసేశారు కూడా. కానీ అది అమల్లోకి వచ్చింది 1787 జనవరి 1న. ఎనిమిది నెలల తేడా. పెద్దకొడుకు మోర్డెకైకి భూమి దక్కింది. ఎనిమిదేళ్ల థామస్‌కు ఏమీ రాలేదు. అతను చిన్నప్పటి నుంచే కూలిపని చేసుకుంటూ తిరిగాడని అతని కొడుకు అబ్రహం లింకన్ తర్వాత రాశాడు.

పెద్దకొడుకు చట్టం తెలియకుండా ఈ కుటుంబాన్ని కాగితాల్లో వెతికితే మోర్డెకై ఒక్కడే కొడుకని అనిపిస్తుంది. దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. పాత వర్జీనియా వీలునామాల్లో కొన్నిట్లో చిన్నకొడుకులకు, కూతుళ్లకు ఇచ్చినవన్నీ రాసి పెద్దకొడుకు ఊసే ఎత్తరు, లేదా ఒక షిల్లింగు ఇచ్చి సరిపెడతారు. తండ్రీకొడుకులకు పడలేదని కథ అల్లేస్తుంటారు. రాయకుండా వదిలేసిన భూమి చట్టప్రకారం ఎలాగూ అతనికే వెళ్తుందని, లేదా ముందే దానపత్రం రాసి ఇచ్చేశారని చాలాసార్లు తేలుతుంది. అతని పేరు మీద భూమి అమ్మకం ఉండి, కొన్న దాఖలా లేకపోతే వారసుడు అతనే. న్యూ ఇంగ్లండ్‌లో చాలాచోట్ల, పెన్సిల్వేనియాలో లెక్క వేరు. అక్కడ పిల్లలందరికీ వాటా ఉండేది, పెద్దకొడుక్కి రెండు వాటాలు. ఏ కాలనీ, ఏ సంవత్సరం అన్నది ముందు రాసుకోకుండా వీలునామా చదవడం మొదలుపెట్టకూడదు.

థామస్ పెద్దయ్యాక కష్టపడి భూములు కొన్నాడు. కెంటకీ హద్దుల గందరగోళం అతన్ని వదల్లేదు. చెట్లు, వాగుల హద్దులతో ఒకరి సర్వే మీద ఇంకొకరి సర్వే, ఇంటి కప్పు మీద పెంకుల్లా ఒకదానిపై ఒకటి పడి ఉండేవి. 1803లో 238 ఎకరాలని కొన్న పొలాన్ని 1814లో 200 ఎకరాలుగా అమ్ముకోవాల్సి వచ్చింది. 1808లో 200 డాలర్లకు కొన్న పొలం, లింకన్ పుట్టిన చోటు, హక్కు తగాదాలో చేజారింది. మూడో పొలం మీద ఖాళీ చేయమని దావా పడింది. కెంటకీ వదిలి వెళ్లడానికి బానిసత్వం కొంత కారణమని, భూమి హక్కుల చిక్కులే ముఖ్య కారణమని లింకన్ 1860లో రాశాడు. 1816 చివర్లో వాళ్లు ఇండియానాకు వెళ్లిపోయారు. అక్కడ 1785 భూమి ఆర్డినెన్స్ ప్రకారం ప్రభుత్వమే ముందుగా గళ్లు గీసి కొలిచింది. ఆరు మైళ్ల చదరం ఒక టౌన్‌షిప్, అందులో 640 ఎకరాల సెక్షన్లు 36. థామస్ తీసుకున్నది టౌన్‌షిప్ 4 దక్షిణం, రేంజ్ 5 పడమరలో సెక్షన్ 32 నైరుతి పావు, 160 ఎకరాలు. చివరికి 80 ఎకరాలకు పట్టా వచ్చింది. అలాంటి ఫెడరల్ పట్టాలు ఇప్పుడు బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. గళ్ల రాష్ట్రాల్లో చోటు కనిపెట్టడం సులువే, కానీ అక్కడ దస్తావేజులో పక్క పొలంవాడి పేరు ఉండదు. తగాదాలు తగ్గాయి, వాటితోపాటు చుట్టాల జాడలూ తగ్గాయి.

మాటల అర్థాలు కూడా మారాయి. ఆనాటి కాగితంలో కజిన్ అంటే అన్న కొడుకో, చెల్లెలి కొడుకో కావొచ్చు. ఆర్ఫన్ అంటే తండ్రి పోయిన పిల్ల, తల్లి పక్కనే ఉండొచ్చు. ఇన్‌ఫంట్ అంటే 21 ఏళ్లు నిండనివాళ్లు, ఇరవయ్యేళ్ల యువకుడూ ఇన్‌ఫంటే. సీనియర్, జూనియర్ అంటే తండ్రీకొడుకులు కానక్కర్లేదు, ఒకే ఊళ్లో ఒకే పేరున్న పెద్దవాడు, చిన్నవాడు, అంతే. పెద్దవాడు పోతే జూనియర్ సీనియర్ అయిపోతాడు. తేదీల్లోనూ మెలిక ఉంది. 1752 దాకా ఇంగ్లిష్ కాలనీల్లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1752లోనే క్యాలెండర్ నుంచి పదకొండు రోజులు తీసేశారు కూడా. అందుకే 1731 ఫిబ్రవరి 11న పుట్టిన వాషింగ్టన్ పుట్టినరోజు ఇప్పుడు 1732 ఫిబ్రవరి 22 అయింది. ఈ సంగతి తెలియనివాళ్లకు వీలునామా రాయడం కన్నా ముందే దాన్ని కోర్టులో రుజువు చేసినట్టు కనిపిస్తుంది.

ఆస్తి జాబితాలో మనుషులు

ఇంతవరకు చెప్పినదంతా భూమి ఉన్నవాళ్ల కథ. బానిసలుగా ఉన్నవాళ్లకు దస్తావేజు రాసే హక్కు లేదు, వీలునామా రాసే హక్కు లేదు. వాళ్ల పేర్లు కనిపించేది ఇతరుల వీలునామాల్లో, చనిపోయినవాళ్ల ఆస్తి జాబితాల్లో. గొడ్డూ గోదా, మంచాలు, ఇనుప కుండల మధ్య ఒక తల్లి పేరు, ఆమె బిడ్డ పేరు, పక్కన ధర. 1850, 1860 జనాభా లెక్కల్లో యజమాని పేరు కింద వాళ్ల వయసు, లింగం, రంగు మాత్రమే రాశారు. పేర్లతో అందరినీ రాసింది 1870లోనే. తమ పూర్వీకులను వెతికే ఆఫ్రికన్ అమెరికన్లు ఆ ఏడాదిని ఇటుక గోడ అంటారు. ఆ గోడ దాటాలంటే పూర్వీకులను ఆస్తిగా పెట్టుకున్న కుటుంబం ఏదో కనిపెట్టి, ఆ కుటుంబం వీలునామాలు చదవాలి. ఇది మనసుకు చాలా బరువైన పని. అయినా వేరే దారి లేదు.

చట్టమే ఇక్కడా తాళంచెవి. బిడ్డ స్థితి తల్లిని బట్టే ఉంటుందని వర్జీనియా 1662లో చట్టం చేసింది, కాబట్టి కాగితాల్లో తల్లీబిడ్డలు కలిసి కనిపిస్తారు, తండ్రి కనిపించడు. 1705 నుంచి 1792 దాకా వర్జీనియాలో బానిసలను చట్టం స్థిరాస్తిగా లెక్కగట్టింది. అందుకే మనుషుల బదిలీలు ఆ కాలపు డీడ్ బుక్కుల్లోనూ వెతకాలి.

1799లో మౌంట్ వెర్నాన్‌లో 317 మంది బానిసత్వంలో ఉన్నారు. వాషింగ్టన్ ఆ ఏడాది తయారుచేసిన జాబితాలో పేర్లు, వయసులు, చేసే పని, భార్య లేదా భర్త ఎవరు, ఎక్కడ ఉంటున్నారు అన్నీ ఉన్నాయి. బానిస కుటుంబాల గురించి ఇంత వివరంగా రాసిన కాగితాలు అరుదు. తన సొంతమైన 123 మందికి విడుదల ఇవ్వాలని ఆయన వీలునామాలో రాశాడు. విలియం లీ అనే ఆయనకు వెంటనే స్వేచ్ఛ, ఏడాదికి 30 డాలర్ల భృతి ఇచ్చాడు. మరో 153 మందిని మాత్రం ఆయన విడిపించలేకపోయాడు. వాళ్లు వాషింగ్టన్ భార్య మార్తా మొదటి భర్త డేనియల్ పార్క్ కస్టిస్ ఎస్టేట్‌కు చెందినవాళ్లు. కస్టిస్ 1757లో వీలునామా రాయకుండా చనిపోయాడు. మూడో వంతు మార్తాకు డవర్‌గా వచ్చింది, అదీ ఆమె బతికినన్నాళ్లే. అమ్మడానికి గానీ, విడుదల చేయడానికి గానీ హక్కు లేదు. వాషింగ్టన్ మనుషులు 1801 జనవరి 1న స్వేచ్ఛ పొందారు. 1802లో మార్తా పోయాక మిగతావాళ్లను కస్టిస్ మనవలు నలుగురూ పంచుకున్నారు. రెండు వర్గాల మధ్య పెళ్లిళ్లు జరిగిపోయి ఉన్నాయి. భర్తకు విడుదల, భార్యాపిల్లలు ఇంకొకరి వాటాలోకి. 45 ఏళ్ల ముందు ఒకడు వీలునామా రాయకపోవడం అన్ని ఇళ్లను విడదీసింది.

కాలిపోయినవి, మిగిలినవి

వర్జీనియాలో కొన్ని కౌంటీల పేరు చెబితే వెతికేవాళ్లు నిట్టూరుస్తారు. అంతర్యుద్ధంలో భద్రంగా ఉంటాయని కొన్ని కౌంటీలు తమ రికార్డులను రిచ్‌మండ్‌కు పంపాయి. 1865 ఏప్రిల్ 3న రిచ్‌మండ్‌లో మంటలు లేచాయి, జేమ్స్ సిటీ, హానోవర్ కౌంటీల కాగితాలు చాలావరకు అక్కడే బూడిదయ్యాయి. బకింగ్‌హామ్ కోర్టు 1869లో కాలింది. అలాంటి చోట్ల ఆశ వదులుకోనక్కర్లేదు. తొలి మంజూరు పత్రాలు కౌంటీలో కాక రాజధానిలో ఉండేవి, వాటిని లైబ్రరీ ఆఫ్ వర్జీనియా అందుబాటులో పెట్టింది. భూమి పన్ను జాబితాల నకలు కూడా రాజధానికి వెళ్లేది. ఒక పేరు కింద ఉన్న ఎకరాలు ఒక ఏడాది మాయమై, మర్నాటి ఏడాది ముగ్గురి పేర్ల మీద సమానంగా తేలితే అక్కడ తండ్రి పోయాడు, ముగ్గురు వారసులున్నారు.

ఇప్పుడు పని తేలికైన మాట నిజం. ఫ్యామిలీసెర్చ్ సంస్థ డీడ్ బుక్కులు, ప్రొబేట్ (వీలునామాలను కోర్టులో రుజువు చేసిన) పుస్తకాల ఫొటోలను ఉచితంగా ఇస్తోంది. 2024 నుంచి పాత చేతిరాతను కంప్యూటర్ చదివి ప్రతి పేరునూ వెతికే సదుపాయం అమెరికా భూమి, ప్రొబేట్ రికార్డుల్లో మొదలైంది. సూచికలో ఎప్పుడూ ఎక్కని సాక్షులు, పక్క పొలాలవాళ్లు, ఆస్తి జాబితాల్లోని బానిసల పేర్లు ఇప్పుడు వెతికితే దొరుకుతున్నాయి. దీనితో పాత ప్రమాదం కూడా పెరిగింది. పేరు కలిసిన పేజీ ఒక్క క్షణంలో తెర మీదికి వస్తుంది, మనిషి కూడా కలిశాడని అనిపించేస్తుంది. నాన్సీ హ్యాంక్స్ విషయంలో 1899లో జరిగింది సరిగ్గా అదే.

ఆ చిక్కు విడిపోవడానికి చివరికి రక్తమే సాక్ష్యం చెప్పింది. లింకన్ సూటి వారసుల్లో ఆఖరివాడు 1985లో పోయాడు. అయినా తల్లి నుంచి మాత్రమే బిడ్డకు వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ, ఆడవాళ్ల వరసలో బతికే ఉంది. జోసెఫ్ హ్యాంక్స్ భార్య ఆన్ (వీలునామాలోని నానీ) కూతుళ్ల వరసలోని వారసులను, లూసీ కూతుళ్ల వరసలోని వారసులను వెతికి పోల్చిన పరిశోధన 2015లో వెలువడింది. లూసీ, ఆన్ కూతురేనని అందులో తేలింది. పోల్చడానికి ఎవరెవరి డీఎన్ఏ తీసుకోవాలో చెప్పింది మాత్రం పాత కాగితాలే.

వీలునామా లూసీ పేరు ఎత్తలేదు గానీ, లూసీ తన పేరు తానే రాసి పెట్టింది. తండ్రి వీలునామాకు మూడేళ్ల ముందు, 1790 ఏప్రిల్ 26న, కెంటకీలోని మెర్సర్ కౌంటీలో హెన్రీ స్పారోతో పెళ్లి లైసెన్సు కోసం ఇచ్చిన చీటీ అది. మామూలుగా ఆడపిల్ల పెళ్లికి తండ్రి ఒప్పుకోలు రాసిచ్చేవాడు. అక్కడ తండ్రి సంతకం లేదు. తనకు యుక్తవయసు నిండిందని, ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటున్నానని, లైసెన్సు ఇవాళైనా మరే రోజైనా తీసుకోవచ్చని స్పెల్లింగ్ తప్పులతో సొంతంగా రాసి, కింద లూసీ హ్యాంక్స్ అని సంతకం చేసింది.